హైడ్రోజను వెలుగులో సూర్యుడు: గృహస్థు ఎన్నుకొనదగిన దూరదర్శిని

సూర్యునితో పరిచయము లేనివారు ఎవరు? ఉదయమున అర్ఘ్యమిచ్చువారు, డాబామీద వడియములు పెట్టువారు, మిట్టమధ్యాహ్నము గొడుగు మరచి బయలుదేరి విసుగుకొనువారు, అందరును ఆయనతో నిత్యవ్యవహారము గలవారే. ఐనను ఆయన ముఖమును నిలిచి చూచినవారు లేరు. చంద్రునిలోని మచ్చను పసిపిల్లలు సైతము వేలుపెట్టి చూపుదురు. సూర్యబింబముపై ఈ ఉదయమున ఏమి జరిగినదో ఊరిలో ఒక్కరికైనను తెలియదు.

కొంతకాలముగా ఖగోళశాస్త్రమునందు అభిరుచిగల శ్రోతలు మమ్ము ఒక ప్రశ్న అడుగుచున్నారు. సూర్యుని చూచుటకే ప్రత్యేకముగా నిర్మించిన చిన్న దూరదర్శినులు ఇప్పుడు దొరకుచున్నవి. హైడ్రోజను ఆల్ఫా అను ఒక ఎర్రని వెలుగును మాత్రమే అవి కంటికి చేర్చును. వానిలో కొనదగినది ఏది? వెల చూచిన వెనుకాడవలసి వచ్చుచున్నది. ఎంపిక చెడినచో సొమ్ముతోపాటు చూపు కూడ పోవునేమోనని ఇంటివారు భయపడుచున్నారు. రెండు భయములును న్యాయమైనవే. మా సమాధానమును ముందుగానే చెప్పెదము: గొట్టము వెడల్పునకు గాక, వడపోత సన్నదనమునకు సొమ్ము పెట్టవలెను, ఆ వడపోత విషయమున ఇంటిలో చేసికొను సొంత ఏర్పాటు ఒక్కటియు పనికిరాదు. కారణము తెలిసిననే గాని ఈ మాట మనసున నిలువదు గనుక, కొంచెము వెనుకకు పోవలసియున్నది. ఆ దారి మన గుంటూరు మీదుగా పోవును.

1868 ఆగస్టు 18వ తేదీన మన దేశము మీదుగా ఒక సంపూర్ణ సూర్యగ్రహణము నడచినది. దానిని చూచుటకై ఫ్రాన్సునుండి జూల్స్ జాన్సెను గుంటూరు వచ్చెను. ఆంగ్లేయుల పక్షమున మేజరు టెనెంటు బృందము కూడ గుంటూరులోనే విడిసెను. మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సను మచిలీపట్టణము చేరెను. చంద్రుడు సూర్యుని పూర్తిగా కప్పగానే, అంచున ఎర్రని జ్వాలలు కనబడినవి. వానిలో ఒకటి కొమ్మువలె మిక్కిలి ఎత్తునకు లేచియుండెను. అట్టి జ్వాలలను అంతకుముందు గ్రహణములలో చూచినవారు కలరు. అవి దేనితో ఏర్పడినవో మాత్రము ఎవరికిని తెలియదు. జాన్సెను తన వర్ణపటదర్శినిని ఆ జ్వాలలవైపు త్రిప్పగా, ఇంద్రధనుస్సువంటి నిండు పట్టీకి బదులు విడివిడిగా మెరయు కొన్ని గీతలు మాత్రమే కనబడినవి. అనగా ఆ జ్వాలలు వెలుగుచున్న వాయువు. అందు ముఖ్యమైనది హైడ్రోజను.

ఆ గీతలు ఎంత తేజస్సుతో ఉండెననగా, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని ఆయనకు అక్కడనే తోచినది. మరునాటి ఉదయము నిండు ఎండలో ప్రయత్నించెను, కనబడినవి. సెప్టెంబరులో కాకినాడనుండి ఆ వార్తను పారిసు శాస్త్రపరిషత్తునకు వ్రాసెను. ఈలోగా లండనులో నార్మన్ లాకియరు, గ్రహణము చూడకయే, అదే ఉపాయమును స్వతంత్రముగా కనిపెట్టి అక్టోబరులో సాధించెను. ఇద్దరి వార్తలును ఒకే దినమున పరిషత్తునకు చేరినవి. ఫ్రెంచివారు పంతము పెట్టుకొనక, ఇద్దరి ముఖములను చెక్కించి ఒకే పతకము వేయించిరి.

హీలియము గుంటూరులో కనుగొనబడినదని మనవారు సగర్వముగా చెప్పుకొనుట కలదు. ఆ గ్రహణమున జ్వాలల వర్ణపటములో ఒక పసుపు గీతను చూచినమాట నిజమే. కాని అది మనకు తెలిసిన సోడియపు గీత కాదని తేల్చి, దానికి కారణమైన క్రొత్త మూలకమునకు పేరు పెట్టిన కథ లాకియరుది. మా దృష్టిలో గుంటూరునకు దక్కవలసిన కీర్తి వేరొకటి. గ్రహణముకొరకు సంవత్సరములు కాచుకొనక, ఏ ఉదయమైనను సూర్యజ్వాలలను చూడవచ్చునను సంగతి మానవునకు మొదట తెలిసినచోటు అది. నేడు మన డాబామీద నిలుపగల చిన్న సూర్యదూరదర్శిని ఆ ఆగస్టు 19వ తేదీ ఉదయమునకు మనుమని మనుమడు.

జాన్సెను చేసిన ఉపాయమేమి? సూర్యుని చుట్టును ఆకాశము మిరుమిట్లు గొలుపును. ఆ వెలుగులో అన్ని రంగులును ఉన్నవి. దానిని పట్టకముగుండా పోనిచ్చి వెడల్పుగా పరచినచో, ఒక్కొక్క చోట అది పలుచబడి మసకబారును. జ్వాల వెలుగు మాత్రము ఏదో ఒక రంగులోనే కూడుకొనియుండుటచేత ఎంత పరచినను పలుచబడదు. మిరుమిట్లు తగ్గును, జ్వాల నిలుచును. ఆ రంగులలో మనకు ముఖ్యమైనది 6,562.8 ఆంగ్‌స్ట్రాముల తరంగదైర్ఘ్యము గల ఎరుపు. ఆంగ్‌స్ట్రాము అనగా సెంటీమీటరులో పదికోట్లవ భాగము. హైడ్రోజను వెలువరించు గీతలలో మన కంటికి కనబడు మొదటి గీత యగుటచేత దీనికి హైడ్రోజను ఆల్ఫా అని పేరు. మన దేశమున కొడైకెనాలు సూర్యపరిశోధనాలయమువారు 1912నుండి ఈ వెలుగులో సూర్యుని చిత్రములు తీయుచు వచ్చిరి.

రేడియోగల ఇంటివారికి తక్కిన సంగతి చెప్పుట సులభము. రాత్రివేళ మీడియంవేవులో ముల్లును త్రిప్పునప్పుడు, మంచి సెట్టులో ఒక్క కేంద్రమే వినబడును. నాసిరకపు సెట్టులో ప్రక్క కేంద్రముకూడ చొరబడి, సంగీతకచేరి నడుమ ధరవరలు వినిపించును. సెట్టునకు బలము చాలక కాదు, ప్రక్కదానిని త్రోసివేయు నేర్పు చాలక. సూర్యుని వెలుగులో మన కంటికి తెలియు భాగము సుమారు 3,000 ఆంగ్‌స్ట్రాముల వెడల్పు గలది. అనగా వేల కేంద్రములు ఒకేసారి గొంతెత్తి పాడుచున్నవి. మనకు కావలసినది ఒక్క ఆంగ్‌స్ట్రామును మించని పట్టీ. ఆ ఒక్క పట్టీలో సూర్యుని తెల్లని కాంతిమండలము దాదాపు మౌనము వహించును. ఏలయన దానిపైనున్న హైడ్రోజను ఆ రంగును పీల్చుకొనును. అక్కడ మనకు వినబడునది, కాదు, కనబడునది, కాంతిమండలముపై సుమారు రెండువేల కిలోమీటర్ల మందమున పరచుకొనిన పలుచని వర్ణమండలము.

ఇంత సన్నని వడపోతను రంగుగాజుతో చేయుటకు వీలులేదు. దీనికి ఎటలాను అను సాధనము కావలెను. మిక్కిలి సమతలముగా సానపట్టిన రెండు గాజుబిళ్ళలకు సగము ప్రతిఫలించు పూత పూసి, నడుమ మిక్కిలి సన్నని ఎడము ఉంచి బిగింతురు. వెలుగు ఆ ఎడములో ముందు వెనుకలకు అనేకసార్లు తిరిగి, ఆ ఎడమునకు శృతి కలిసిన తరంగము మాత్రమే ఆవలకు పోవును. ఫాబ్రీ, పెరో అను ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరములలో దీనిని కల్పించిరి. ఐతే ఎటలానులో ఒక చిక్కు కలదు. దువ్వెన పండ్లవలె, అది ఒకదానిప్రక్క ఒకటిగా అనేక పట్టీలను విడిచిపుచ్చును. కావున మనకు కావలసిన ఒక్క పన్నును ఉంచి తక్కినవానిని విరుచుటకు వేరొక నిరోధక వడపోత అక్షికటకమునకు ముందు ఉండవలెను. వీనికి తోడు, వేడిని, కంటికి కనబడని కిరణములను ఆపు వడపోతలు ఉండును. ఇన్ని కలసి ఒక వ్యవస్థ. అందులో ఒక్క అంగము లోపించినను అది దూరదర్శిని కాదు, కన్నును కాల్చు భూతద్దము.

ఇచ్చట కొంత కఠినముగా మాటాడక తప్పదు. పగటివేళ మన కంటిపాప 2 మిల్లీమీటర్ల వరకు ముడుచుకొనును. 40 మిల్లీమీటర్ల చిన్న దూరదర్శిని దానికి 400 రెట్లు వెలుగును కూర్చును. ఆ వెలుగు వడపోత లేక కంటిలో పడినచో లోపలి నేత్రపటలము క్షణములో మాడును. ఆ పటలమునకు నొప్పి తెలుపు నరములు లేవు గనుక మాడునప్పుడు తెలియనైన తెలియదు. కొందరు ఖర్చు తప్పించుకొనుటకు వెదకు మార్గములు మేము విననివి కావు. రాత్రి ఆకాశమునందలి నీహారికలను ఫొటో తీయుటకు హైడ్రోజను ఆల్ఫా అను పేరుతోనే చిన్న వడపోతలు అమ్ముదురు. పేరు ఒకటే, వెల అందుబాటులో ఉండును, పై అట్టమీద అదే సంఖ్య అచ్చువేసి ఉండును. వాని పట్టీ సాధారణముగా 7 నానోమీటర్లు, అనగా 70 ఆంగ్‌స్ట్రాములు. సూర్యునికి కావలసినదానికి నూరురెట్ల వెడల్పు. వేడిని ఆపు ఏర్పాటు అందు లేదు. దానిని దూరదర్శినికి తగిలించి సూర్యునివైపు త్రిప్పినవాడు వర్ణమండలమును చూడడు, చూపును కోల్పోవును. పేరులో ఇంతటి మోసము ఇమిడియున్న వస్తువు మరియొకటి ఈ బజారులో లేదని మా అభిప్రాయము.

పాత చిన్న దూరదర్శినులతో, అక్షికటకమునకు బిగించుటకు నల్లని గాజుబిళ్ళ ఒకటి సూర్యునికని ఇచ్చెడివారు. కూడిన వేడికి అది చూచుచుండగనే పగులును. అట్టిది ఇంట ఉన్నచో పిల్లలకు చిక్కకుండ పారవేయుట మేలు. మసిపట్టిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, పళ్ళెములోని పసుపునీటిలో నీడ, ఇవన్నియు గ్రహణదినమున మన ఇండ్లలో ఆచారముగా వచ్చుచున్నవి. వీనిలో ఒక్కదానిని కూడ నమ్మరాదు. గ్రహణవేళ పళ్ళెములో రోకలి నిలబెట్టు వేడుక మాత్రము కంటికి కీడు చేయదు, దానిని సుఖముగా సాగించుకొనవచ్చును.

ప్రత్యేక సూర్యదూరదర్శినిలోని ప్రయోజనము సరిగా ఇదియే. వడపోతలన్నియు గొట్టములో స్థిరముగా అమర్చి ఉండును. ఏది ముందు, ఏది వెనుక అని ప్రతిదినము తడుముకొనవలసిన పని లేదు. చీకటి పడిన తరువాత అందు ఏమియు కనబడదు. ఆ మాట వినగానే కొందరు మొగము చిట్లింతురు. ఇంత సొమ్ము పోసి చంద్రుడైన కనబడని దూరదర్శినియా అని. పిల్లలున్న ఇంటిలో ఆ లోపమే గుణమని మేము చెప్పుదుము.

ఇక ఎంపిక. మొదట చూడవలసినది పట్టీ వెడల్పు. అమ్మువారు దానిని ఆంగ్‌స్ట్రాములలో తెలుపుదురు. 1 ఆంగ్‌స్ట్రాము పట్టీ గలదానిలో అంచున లేచిన జ్వాలలు చక్కగా కనబడును; ఏలయన వాని వెనుక నల్లని ఆకాశము తప్ప పోటీకి వచ్చునది లేదు. కాని బింబముమీది సంగతులు అందు మసకగా ఉండును. కాంతిమండలపు వెలుగు, ప్రక్క కేంద్రమువలె, చొరబడుటయే కారణము. 0.7 ఆంగ్‌స్ట్రామునకు వచ్చునప్పటికి బింబముపై నల్లని పోగులు, మచ్చల చుట్టు మెరయు ప్రదేశములు తేటపడును. నల్లని పోగు అనగా వేరొక వస్తువు కాదు. అంచున ఎర్రని జ్వాలగా కనబడునదే, సూర్యభ్రమణము వలన మనకెదురుగా వచ్చినప్పుడు, వెనుకనున్న ప్రకాశమునకు అడ్డుపడి నల్లగా తోచును. అంచున ఉన్నప్పుడు దీపము, ఎదుటికి వచ్చినప్పుడు నీడ. ఈ ఒక్క సంగతిని వారము దినములు వరుసగా కన్నులార చూచినవారికి, సూర్యుడు తిరుగుచున్న గోళమని ఇక ఎవరును బోధింపనక్కరలేదు.

0.5 ఆంగ్‌స్ట్రామునకు దిగవలెనన్న సాధారణముగా రెండు ఎటలానులను ఒకదానివెనుక ఒకటి బిగింతురు. సెట్టులో శృతివలయములు పెంచినకొలది కేంద్రము శుద్ధముగా వినబడునట్లే, బింబము చెక్కినట్లు కనబడును. వెలుగు కొంత తగ్గును. వెల మాత్రము బాగుగా పెరుగును. కొనునప్పుడే రెండును కొనవలసిన అగత్యము లేదు. రెండవ ఎటలానును తరువాత చేర్చుటకు వీలున్న నమూనా ఏదో అడిగి, ఒకదానితో ప్రారంభించుట గృహస్థునకు తగిన పద్ధతి.

రెండవది గొట్టము ముందటి కటకపు వ్యాసము. ఇక్కడనే ఎక్కువమంది మోసపోవుదురు, ఎవరును మోసగింపకయే. 40 మిల్లీమీటర్ల కటకము ఈ ఎర్రని వెలుగులో సుమారు 4 వికలల సూక్ష్మతను చూపును. సూర్యునిపై అది 3,000 కిలోమీటర్లు. 60 మిల్లీమీటర్లది 2,000 కిలోమీటర్ల వరకు, 100 మిల్లీమీటర్లది 1,200 వరకు చూపగలదు. భూమి వ్యాసము 12,700 కిలోమీటర్లు. అన్నిటికన్న చిన్న దూరదర్శినిలోనే భూమిలో నాలుగవ వంతు వివరము దొరకుచున్నదన్నమాట. పెద్దదానిలో ఇంకను దొరకవలెను గదాయందురా? దొరకును, గాలి నిలిచినచో. సూర్యుని చూచుట పగటిపని. ఎండ నేలను కాల్చును, నేల గాలిని కాల్చును, ఆ గాలి అలలుగా లేచి బింబమును వణికించును. సిమెంటు డాబా పది గంటలకు పెనమువలె ఉండును. అట్టిచోట 100 మిల్లీమీటర్ల దూరదర్శిని చూపునది 60 మిల్లీమీటర్లదానికన్న మిన్నగా ఉండదు. ఆ వణకునే పెద్దదిగా చూపును.

ఉదయపురము సూర్యపరిశోధనాలయమును 1975లో ఫతేసాగరు సరస్సు నడుమ ఒక దీవిపై స్థాపించుటకు కారణము ఇదియే. నీరు నేలవలె త్వరగా వేడెక్కదు; దానిమీది గాలి నిలకడగా ఉండును. మనకు సరస్సు లేకున్నను, డాబాకు బదులు పచ్చిక ఉన్న పెరడు, చెరువుగట్టు, కొబ్బరితోట ఉన్నను చాలును. ప్రొద్దెక్కిన తరువాత గంట రెండు గంటలలోపు, నేల కాగకముందు, చూడవలెను. మరీ ముందు చూచినచో బింబము క్షితిజమునకు దగ్గరగా ఉండి మసకబారును. ఈ నియమము పాటించువానికి 40 లేక 50 లేక 60 మిల్లీమీటర్లలో ఏదైనను జీవితకాలమునకు సరిపోవును. చేతిపై ఎత్తి పెరటిలోనికి తెచ్చుకొనగలిగినది ప్రతిదినము బయటకు వచ్చును. బరువైనది పెట్టెలో ఉండును.

మూడవది ప్రకటనలలో చిన్న అక్షరములలో ఉండు నిరోధక వడపోత వ్యాసము. దీనిని గూర్చి అడుగువారు అరుదు. కటకపు నాభ్యంతరమును 107చేత భాగించినచో, లోపల ఏర్పడు సూర్యబింబపు వ్యాసము వచ్చును. 400 మిల్లీమీటర్ల నాభ్యంతరమునకు బింబము సుమారు 3.7 మిల్లీమీటర్లు. నిరోధక వడపోత 5 లేక 6 మిల్లీమీటర్లున్నచో బింబము నిండుగా పట్టి చుట్టును కొంత చోటు మిగులును. 1,000 మిల్లీమీటర్ల నాభ్యంతరమునకు బింబము 9 మిల్లీమీటర్లు దాటును. 12 మిల్లీమీటర్ల వడపోత కావలెను. చిన్నది కొనినచో కిటికీ సందునుండి ఊరేగింపు చూచినట్లగును. ఈ లెక్క వేసికొనుటకు పలక బలపము చాలును, వేయక కొనరాదు.

నాలుగవది శృతి చేయు విధానము. ఇది అలంకారము కాదు, ప్రాణము. ఒక జ్వాల మనవైపు సెకనుకు 45 కిలోమీటర్ల వేగముతో దూసికొని వచ్చినచో, దాని గీత సుమారు 1 ఆంగ్‌స్ట్రాము నీలమువైపునకు జరుగును. అప్పుడు మధ్యగీతవద్ద బిగించియుంచిన సన్నని వడపోతలో అది మాయమగును; శృతిని కొంచెము త్రిప్పినచో తిరిగి ప్రత్యక్షమగును. గాలి ఉష్ణోగ్రత మారినను శృతి కొంత చలించును. కొన్నిటిలో ఎటలానును రవ్వంత వంచుటద్వారా శృతి చేయుదురు. ఇది సులభము, చవుక. కాని బింబము అంతటను ఒకేరీతి స్పష్టత రాక, ఒక ప్రక్క తేటగాను మరియొక ప్రక్క మసకగాను ఉండవచ్చును. కొన్నిటిలో మూసిన గదిలోని గాలి ఒత్తిడిని ఒక మరతో పెంచి తగ్గింతురు. దీనిలో బింబమంతయు ఇంచుమించు ఒకే శృతిలో ఉండును. మాకు ఇది మేలుగా తోచును. మూడవ విధమున అభ్రకపు ఎటలానును విద్యుత్తుతో వెచ్చచేయుదురు. అది వెచ్చబడి నిలకడకు వచ్చుటకు కొన్ని నిముషములు ఓపిక పట్టవలెను, దగ్గర విద్యుత్తు ఉండవలెను. వేసవి ఉదయమున కరెంటు పోవు ఊళ్ళవారు బ్యాటరీ సంగతి ముందు ఆలోచించుకొందురుగాక.

ఏ కంపెనీ సరుకును మెచ్చుకొనుటయు రేడియో పత్రికకు తగినపని కాదు. ఐనను పేర్లు తెలియక బజారుకు పోవుట ఎట్లు? సామాన్యులకు ఈ విద్యను అందుబాటులోనికి తెచ్చినది 2004లో వెలువడిన కొరొనాడోవారి 40 మిల్లీమీటర్ల చిన్న దూరదర్శిని. దానిని తయారుచేసిన మీడ్ కంపెనీ 2024లో మూతపడినది. కావున అది ఇప్పుడు చేతులు మారినదిగానే చాలవరకు దొరకును. లోపలి వడపోతలు కాలక్రమమున తుప్పుమరకలవలె చెడుట ఈ జాతి పాత దూరదర్శినులలో కలదు గనుక, చూచి కొనవలెను. మునుపటి యజమాని విప్పి, ఏదైన వడపోతను తీసి లేక మార్చి ఉన్నాడని తెలిసినచో, ఎంత చవుకగా ఇచ్చినను వద్దనవలెను. క్రొత్తవానిలో లంట్‌వారివి 40 మిల్లీమీటర్లనుండి పెద్ద కొలతల వరకు ఉన్నవి. కొన్ని నమూనాలలో ఎటలానును తీసివేసి రాత్రివేళ సామాన్య దూరదర్శినిగా వాడుకొనవచ్చును, మేము పైన చెప్పిన భద్రత అంతమేరకు తగ్గును. అక్యూటర్‌వారి ఫీనిక్సు 40 మిల్లీమీటర్లది. స్కైవాచర్‌వారి హీలియోస్టారు 76 మిల్లీమీటర్లది. 40 మిల్లీమీటర్లది సుమారుగా ఒక మోటారుసైకిలు వెలలో పడును. 60 దాటి, రెండు ఎటలానులు కూడిన దానికి రెండు మూడు మోటారుసైకిళ్ళ వెల పెట్టవలెను. ఇవి విదేశములనుండి రావలసినవి గనుక సుంకము, రవాణా కూడ కలిపి లెక్క చూచుకొనవలెను.

ఇంటిలో ఇదివరకే మంచి కటకదూరదర్శిని ఉన్నవారికి డేస్టారువారి క్వార్కువంటి ఉపకరణము ఒక మార్గము. దానిని అక్షికటకపు స్థానమున తగిలింతురు. అందులోనే బింబమును నాలుగురెట్లకు పైగా పెంచు కటకము ఇమిడి ఉండుటచేత, నాభ్యంతరము సుమారు 450 మిల్లీమీటర్లను మించినచో బింబమంతయు ఒకేసారి కనబడదు. అద్దపు దూరదర్శినులకు దీనిని వాడరాదు. కటకము పెద్దదైనచో తయారీదారు చెప్పిన అదనపు వడపోతను తప్పక చేర్చవలెను. చూపువైపుననున్న చిన్న వెదకు దూరదర్శినిని ఊడదీయవలెను. దానిని మరచుట చాల సులభము, మరచినవాని తల వెండ్రుకలు మొదలుకొని కన్ను వరకు ఏదైనను కాలవచ్చును. శ్రద్ధగల అనుభవజ్ఞునకు ఇది చక్కని సాధనము. మొదటిసారి కొనువారికి, పిల్లలున్న ఇంటికి, మేము ప్రత్యేక దూరదర్శినినే సూచించుదుము.

అంత సొమ్ము లేనివారి మాట? సామాన్య దూరదర్శిని ముందు ప్రామాణికమైన సూర్యవడపోత పొరను గట్టిగా బిగించి చూచినచో, కాంతిమండలము, దానిపై మచ్చలు తెల్లని వెలుగులో కనబడును. ఖర్చు స్వల్పము. జ్వాలలు మాత్రము అందు కనబడవు. ఒక సంవత్సరము మచ్చలను చూచి, ఉదయమున లేచు అలవాటు నిలిచినదని తెలిసిన తరువాత హైడ్రోజను దూరదర్శిని కొనినవారికి పశ్చాత్తాపము ఉండదు.

కొనినపిమ్మట మొదటిదినమే నిరాశపడువారు కలరు. వారు చూచియున్న చిత్రములు నారింజరంగున, జ్వాలలు నాలుకలు చాచుచు, పులిచర్మమువలె ఉండును. అవి నలుపుతెలుపు కెమెరాతో వందలకొలది చిత్రములు తీసి, మేలైనవానిని ఏరి పేర్చి, పిమ్మట రంగు వేసినవి. కంటికి కనబడునది ముదురు ఎరుపు బింబము, అంచున చిన్న చిన్న మొలకలు. మొదటి పది నిముషములలో అవికూడ కనబడవు. తలపై నల్లని గుడ్డ కప్పుకొని బయటి వెలుగును ఆపి, కన్ను ఆ ఎరుపునకు అలవాటుపడువరకు నిలిచి, శృతిని మెల్లగా అటునిటు త్రిప్పుచు చూడవలెను. 20 మొదలు 50 రెట్ల పెంపు చాలును. సూర్యుని వెదకుటకు గొట్టము వెంబడి కన్ను పెట్టరాదు. నేలపై పడు గొట్టపు నీడ అన్నిటికన్న చిన్నదిగా ఉన్నప్పుడు సూర్యుడు లోపల ఉండును. గంట గడచిన తరువాత మరల చూచినచో, ఒక మొలక వంగియో, విడివడియో ఉండును. ఆ మార్పే ఈ విద్యలోని రసము. కాగితముపై వలయము గీసి, వేళ వ్రాసి, ఎక్కడ ఏది కనబడినదో గుర్తుపెట్టువాడు రెండు నెలలలో ఏ చిత్రమును కోరడు.

సూర్యునకు సుమారు 11 సంవత్సరముల పోటుపాట్లు ఉన్నవి. ఈ పర్యాయపు పోటు 2024లో శిఖరమునకు చేరినది. ఆ మే నెలలో వచ్చిన సౌరతుఫాను వేళ లడఖులోని హాన్లేలో రాత్రి ఆకాశము ఎర్రబారినది. ఇక కొన్ని సంవత్సరములు మచ్చలు క్రమముగా తగ్గుచు పోవును. ఇప్పుడు కొనుట వ్యర్థమా అని సందేహింపనక్కరలేదు. మచ్చ ఒక్కటియు లేని దినములందును హైడ్రోజను వెలుగులో అంచున జ్వాలలు కనబడుచునే ఉండును. తెల్లని వెలుగువారికి ఉపవాసము వచ్చినప్పుడు ఎర్రని వెలుగువారికి పథ్యమైనను దొరకును.

రేడియోగలవారికి ఒక ప్రత్యేకమైన వేడుక చెప్పి ముగింతుము. అప్పుడప్పుడు ఒక మచ్చ ప్రక్కన హఠాత్తుగా మెరపు లేచి, కొన్ని నిముషములనుండి గంటవరకు నిలుచును. దానిని సౌరజ్వలనము అందురు. హైడ్రోజను వెలుగులో అది చక్కగా కనబడును. ఆ సమయమున వెలువడు ఎక్సుకిరణములు కూడ మనకు కనబడు వెలుగుతోపాటే, 8 నిముషముల 20 సెకనులలో భూమిని చేరి, పైగాలిలోని అయానుల పొరలను చిక్కపరచును. అంతవరకు ఆ పొరలకు తగిలి దూరదేశములనుండి వచ్చుచున్న షార్టువేవు తరంగములు దారిలో ఇంకిపోవును. పగలున్న సగము భూమిపై షార్టువేవు కేంద్రములు ఒక్కసారిగా సన్నగిలును. కొన్ని పూర్తిగా మూగపోవును. 1935లో డెల్లింజరు అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని సూర్యునితో జతపరచి వివరించెను. కావున ఉదయమున దూరదర్శిని ప్రక్కన ఒక షార్టువేవు సెట్టును పెట్టుకొని, ఏదో దూరపు కేంద్రమును పట్టి, సన్నగా మ్రోగుచుండ విడువుడు. అది మూగపోయినప్పుడు సెట్టును తట్టుటకు ముందు అక్షికటకములోనికి చూడుడు. వేళ వ్రాయుటకు పెన్సిలు దగ్గరనే ఉంచుకొనుడు.